కొండ ఎక్కడం సరే, దిగడమో?

ప్రశ్న: అన్నగారూ, నాకు 43 ఏళ్లు. రెండేళ్లుగా విశాఖ బీచ్ రోడ్డులో రోజూ పొద్దున్నే 6 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. పోయిన ఆదివారం ఫ్రెండ్స్‌తో కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కాను. సగంలోనే ఊపిరందక నడిచేశాను, తెగ సిగ్గేసింది. దిగేటప్పుడు మాత్రం హాయిగా దూసుకొచ్చేశాను. తీరా చూస్తే మంగళవారానికి తొడలు పట్టేసి, ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది. కొండలు నాకు పనికిరావంటారా?
– ఎస్., విశాఖపట్నం

జవాబు: ముందు ఆ సిగ్గు సంగతి తేల్చేద్దాం. ఐరోపాలో మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ ఏటా ఒక పందెం జరుగుతుంది. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తంతా కూడితే దాదాపు 10,000 మీటర్లు. అందులో కూడా దారి బాగా నిటారుగా ఉన్నచోట మేటి రన్నర్లే నడుస్తారు. మీరూ చేతులు తొడల మీద ఆనించి నొక్కుకుంటూ ఎక్కండి, ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడగలిగినంతసేపు పరుగు, మాట తెగిపోతుంటే నడక, అంతే లెక్క.

మీ తొడల్ని దెబ్బతీసింది ఎక్కడం కాదండీ, ఆ హాయిగా దూసుకురావడమే. దిగేటప్పుడు అడుగడుగుకీ తొడ ముందువైపు కండరం బ్రేకు వేస్తుంది, అంటే ఒకపక్క సాగుతూనే ఒంటి బరువంతా ఆపుతుంది, అలవాటు లేని కండరమైతే లోపల సన్నగా చీలి, నొప్పి అప్పటికప్పుడు తెలియకుండా రెండోరోజో మూడోరోజో బయటపడుతుంది. ఒకసారి ఇలా అయ్యాక కొన్ని వారాలపాటు అంతే దూరం దిగినా అంత నొప్పి రాదు. కాబట్టి వారానికి ఒక్కరోజే కొండ పెట్టుకోండి, మొదట్లో కిందికి పరుగు పది నిమిషాలు చాలు, మిగతాది నడిచి దిగండి. కిలోమీటర్లు చూడొద్దు, టైమ్ చూసుకోండి. కండరం కాకుండా మోకాలి లోపల పొడిచినట్టు ఉన్నా, వాపు వచ్చినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

దిగడం నాకు నేర్పింది కోచ్ కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, ఎండుటాకుల కింద రాళ్లు దొర్లే చోట నేను వెనక్కి వాలి, మడమలు తన్నిపెట్టి, దాదాపు కూర్చుని జారుతుంటే ఒక మేకల కాపరి రబ్బరు చెప్పులతో టపటపా నన్ను దాటిపోయాడు. "పెద్ద అడుగులెయ్యకు సారూ, జారుతవ్" అన్నాడు, వెనక్కి కూడా చూడలేదు. చిన్న చిన్న అడుగులు, ఒళ్లు కాస్త ముందుకు, చేతులు రెండు పక్కలకీ వదులుగా, చూపు కాళ్ల దగ్గర కాకుండా నాలుగైదు అడుగుల ముందు. ఇప్పటికీ నాకు అతనంత బాగా రాదు.

ప్రశ్న: ఖాజాగూడ గుట్టల్లో పరిగెత్తడానికి ట్రెయిల్ షూస్ (మట్టి, కొండ దారుల్లో పరుగుకి వాడేవి) కొనాలా?
– పి., హైదరాబాద్

జవాబు: ఘాట్ రోడ్డుకైతే దండగ. మట్టి, కంకర, బురద ఉన్న దారులకి అడుగున పళ్లున్న షూ పనికొస్తుంది. కానీ మీ గుట్టల్లో ఉన్నది నున్నటి బండ, తడిస్తే ఏ షూ అయినా జారుతుంది, వాన పడ్డరోజు మానెయ్యండి. కొనేటప్పుడు మాత్రం సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు చూసుకోండి, ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు వేళ్లు షూ ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. నాకు రెండు పోయాయి.

ప్రశ్న: మాది తిరుపతే. శ్రీవారి మెట్టు దారిలో రోజూ పరుగు ప్రాక్టీస్ చేయొచ్చా అన్నా?
– కె., తిరుపతి

జవాబు: వద్దు తమ్ముడూ. అవి 2,388 మెట్లు, కాళ్లకి అంతకన్నా మంచి పని ఇంకోటి లేదు, ఒప్పుకుంటాను. కానీ మొక్కుకున్నవాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే వాళ్ల మధ్యలోంచి ఆయాసపడుతూ దూసుకెళ్లడం బాగోదు. పైగా అది అడవి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకుంది. కాలినడక దారుల్లో అనుమతించే వేళలు తెలుసుకుని, నలుగురితో కలిసి నడిచి వెళ్లి దర్శనం చేసుకుని రండి. పరుగుకి ఊళ్లోనే ఏదైనా ఫ్లైఓవర్ ఎత్తు చూసుకో, పొద్దున అయిదింటికి ఖాళీగానే ఉంటుంది.