కొత్త సీట్లో కూర్చునే ముందు

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

అమలాపురం కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరుతున్నావని విన్నప్పటి నుంచి ఇంట్లో ఒకటే సంబరం. నీలాగే చూపు లేకుండానే ఆఫీసులో నెగ్గుకొచ్చినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఎన్‌వీడీఏ ఉచితం. చూపులేని మైకేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టాడు. ఆఫీసు సిస్టంలో మాత్రం ఐటీ వాళ్లకు చెప్పే వేయించుకో.

అసలు చిక్కంతా ఫైళ్లతో. మన దగ్గర ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేసేవాళ్లున్నారు. తెరమీద చక్కటి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్లు. వాళ్లు "రావులపాలెం" అని చదువుకునే చోట నీకు అర్థంపర్థం లేని అక్షరాలు వినిపిస్తాయి. నీకు పని రాదని జనం అనుకునేది ఇక్కడే. అందుకని మొదటి వారంలోనే హెడ్‌ఫోన్ తీసేసి, స్పీకర్లో ఒక అను ఫైలు, లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్ ఫైలు ఒకటి సెక్షన్లో అందరికీ వినిపించు. ఆ తర్వాత "నాకొచ్చే డ్రాఫ్టులు యూనికోడ్‌లో ఇవ్వండి సార్" అని అడుగు, ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

స్కాన్ చేసిన కాగితం కూడా నీకు ఉత్త బొమ్మే. తొందరపడి ఫోన్లో ఏదో యాప్‌కి ఎక్కించకు, వాటిలో జనం ఆధార్ నంబర్లుంటాయి. టైపు చేసిన ఫైలు ఇమ్మను.

హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకో, ఎదురుగా అర్జీ పట్టుకుని నిలబడ్డ మనిషి మాట రెండో చెవికి వినపడాలి. ఎవరైనా పలకరిస్తే కంట్రోల్ నొక్కు, చదవడం ఆగుతుంది.

సూపరింటెండెంట్ ఎంత మంచివారైనా అడిగింది కాగితం మీద పెట్టు. రేపు ఆయన బదిలీ అయిపోతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయం తగిన సదుపాయం కల్పించాల్సిందే. 23వ సెక్షన్ కింద ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. దయతలచమని రాయకు. ఏ ఏర్పాటు ఉంటే ఏ పని చేయగలవో రాయి.

"నీకెందుకమ్మా కష్టం, కూర్చో" అంటారు, ప్రేమగానే. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒప్పుకోకు తల్లీ, పని అడిగి తీసుకో.

ఇంకొకటి. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల లిస్టులు వాట్సాప్‌లో ఫోటోలుగా వచ్చిపడతాయి. ఆ హడావుడిలో నీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. ఎండాకాలంలోనే ఎక్సెల్ షీటు తయారుచేసి, అందులోనే నింపి పంపమని మండలాలకు సూపరింటెండెంట్ గారి చేత చెప్పించు. షీటు ఎలా ఉండాలో ఆదివారం వస్తే ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న