డిస్క్ పెట్టగానే ఆట దానంతట అదే మొదలుకాకుండా చేయడం ఎలా?

ప్రశ్న: మా తమ్ముడు కాలేజీలో చదివే రోజుల్లో కొనుక్కున్న పీఎస్‌పీని (చేతిలో పట్టుకొని ఆడే సోనీ గేమ్ యంత్రం) ఈ వేసవి సెలవుల్లో మా అబ్బాయికి ఇచ్చాడు. బాబుకు తొమ్మిదేళ్లు. వెనుక మూత తీసి డిస్క్ పెట్టి మూసిన మరుక్షణమే, మేము ఏ బటనూ నొక్కకుండానే ఆట మొదలైపోతోంది. అందులోని మెమరీ కార్డులో మా నాన్నగారి పాత ఫొటోలు కొన్ని ఉన్నాయని తమ్ముడు చెప్పాడు. వాటిని చూడాలంటే ముందు నడుస్తున్న ఆట నుంచి బయటపడాల్సి వస్తోంది. మరో డిస్క్ పెడితే ఆటకు బదులు ఏదో అప్‌డేట్ చేయాలని అడిగింది. భయమేసి వెంటనే తీసేశాం. డిస్క్‌ను లోపలే ఉంచి, మాకు కావాలనుకున్నప్పుడే ఆట మొదలయ్యేలా చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చునమ్మా. ఇందుకోసం రిపేరు షాపుకు వెళ్లనక్కరలేదు, ఏమీ విప్పనక్కరలేదు. ఆ వీలును తయారుచేసినవాళ్లే మెనూలో పెట్టారు. పీఎస్‌పీ తెర మీది మాటలు ఏ భారతీయ భాషలోనూ రావు కనుక, మీకు ఇంగ్లిష్‌లో కనిపించే పేర్లనే ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను.

ముందుగా డిస్క్‌ను బయటికి తీసి, అది లేకుండానే పరికరాన్ని ఆన్ చేయండి. సన్నని అల ఒకటి మెల్లగా కదులుతూ ఉండే తెర వస్తుంది. మీ తమ్ముడు థీమ్ మార్చకుండా ఉంటే, ఆ తెర రంగు నెల మారినప్పుడల్లా దానంతట అదే మారుతుంది కాబట్టి, వచ్చే నెలలో వేరే రంగు కనిపిస్తే ఏదో చెడిపోయిందని కంగారుపడకండి. తెర మీద అడ్డంగా ఒక బొమ్మల వరుస ఉంటుంది. ఎడమవైపు బాణం బటన్‌ను నొక్కుతూ వరుస చివరిదాకా వెళ్తే పనిముట్ల పెట్టెలాంటి బొమ్మ వస్తుంది, అదే ‘సెట్టింగ్స్’. అక్కడ నిలువుగా కనిపించే జాబితాలో ‘సిస్టమ్ సెట్టింగ్స్’ దగ్గర ఆగి ఎక్స్ గుర్తున్న బటన్ నొక్కండి. లోపల ‘యూఎండీ ఆటో-స్టార్ట్’ అనే వరుస ఉంటుంది (యూఎండీ అంటే మీరు పెట్టే ఆ చిన్న డిస్కే). దాని మీద మళ్లీ ఎక్స్ నొక్కితే ఆన్, ఆఫ్ అని రెండు మాటలు వస్తాయి. ‘ఆఫ్’ను ఎంచుకొని మరొకసారి ఎక్స్ నొక్కితే పని పూర్తయినట్లే. మీ తమ్ముడు ఒకవేళ దాన్ని జపాన్ నుంచి తెప్పించుకొని ఉంటే, ఎక్స్‌కు బదులు సున్నా గుర్తున్న బటన్ నొక్కాల్సి రావచ్చు, ఎందుకంటే అక్కడి ఆనవాయితీ ప్రకారం సరే అనడానికి సున్నాను, వెనక్కి రావడానికి ఎక్స్‌ను వాడతారు.

ఇప్పుడు డిస్క్ పెట్టి చూడండి. ఆట మొదలుకాదు. బొమ్మల వరుసలో ‘గేమ్’ దగ్గరికి వెళ్తే దాని కింద డిస్క్ పేరు కనిపిస్తుంది. బాబు దాన్ని ఎంచుకొని ఎక్స్ నొక్కినప్పుడే ఆట మొదలవుతుంది. అదే వరుసలో ఉన్న ‘ఫొటో’లోకి వెళ్లి మీ నాన్నగారి ఫొటోలను తీరిగ్గా చూసుకోవచ్చు, డిస్క్ దాని చోట అది ఉంటుంది. సినిమా డిస్క్ అయితే ‘గేమ్’ కింద కాకుండా ‘వీడియో’ కింద కనిపిస్తుంది. ఈ మార్పు వల్ల ఆటలో ఇంతవరకు దాచుకున్న దశలు పోతాయేమోనన్న అనుమానం అక్కరలేదు. అవి మెమరీ కార్డులో ఉంటాయి, ఈ అమరికకూ వాటికీ సంబంధం లేదు.

మీరు అప్‌డేట్ సంగతి రాశారు కనుక దాని గురించి కొంత వివరంగా చెప్పాలి. ఈ ఆటో-స్టార్ట్‌ను ఆపి ఉంచడమే మేలని నేను గట్టిగా చెప్పడానికి అసలు కారణం అదే. పీఎస్‌పీ జపాన్‌లో 2004 డిసెంబర్‌లోనూ, అమెరికాలో 2005 మార్చిలోనూ వచ్చింది. ఆ తరువాత ఏళ్ల తరబడి దాని సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. అప్పట్లో ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్లే ఎక్కువ కాబట్టి, కొత్త వెర్షన్ అవసరమైన ఆటల డిస్కుల్లో ఆ అప్‌డేట్‌ను కూడా కలిపి ఇచ్చేవారు. పరికరంలో అంతకంటే పాత వెర్షన్ ఉంటే, ఆట మొదలయ్యే ముందు అప్‌డేట్ చేయమని అడుగుతుంది. మీకు ఎదురైంది ఇదే. అసలైన డిస్క్ అయితే దానివల్ల హాని లేదు, కానీ అది డిస్క్ పెట్టిన తొందరలో, ఆట ఎప్పుడొస్తుందా అని చూస్తున్న పిల్లవాడి చేతిలో జరగాల్సిన పని మాత్రం కాదు. అప్‌డేట్‌కు చార్జర్ తగిలించి ఉండాలి, బ్యాటరీలో కూడా తగినంత చార్జింగ్ ఉండాలి. మధ్యలో కరెంటు పోయినా, ఎవరైనా స్విచ్ జరిపినా పరికరం మళ్లీ లేవకుండా పోయే ప్రమాదం ఉంది. ఒకసారి కొత్త వెర్షన్ ఎక్కాక మామూలు పద్ధతిలో పాతదానికి తిరిగి వెళ్లడానికి దారి ఉండదు. మీ తమ్ముడు చదువుకునే రోజుల్లో అనధికారిక సాఫ్ట్‌వేర్ ఏదైనా ఎక్కించుకొని ఉంటే ఈ అప్‌డేట్‌తో అది చెరిగిపోతుంది, అందుకని ముందు ఆయనకు ఒక్క ఫోన్ చేసి అడగండి. ప్రస్తుతం ఏ వెర్షన్ ఉందో తెలుసుకోవాలంటే అదే ‘సిస్టమ్ సెట్టింగ్స్’లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ చూస్తే చాలు. దీనికి వచ్చిన చివరి వెర్షన్ 6.61. మీ పరికరంలో ఇప్పటికే అది ఉంటే ఏ డిస్కూ మిమ్మల్ని అప్‌డేట్ అడగదు.

ఇంకొక కారణం బ్యాటరీ. చేతిలో పట్టుకొని ఆడే గేమ్ యంత్రాల్లో ఆటల కోసం ఆప్టికల్ డిస్క్‌ను వాడిన మొట్టమొదటిది పీఎస్‌పీయే. యూనివర్సల్ మీడియా డిస్క్ అని పేరు పెట్టిన ఈ చిన్న డిస్క్ వ్యాసం 60 మిల్లీమీటర్లు, అంటే మామూలు డీవీడీలో సరిగ్గా సగం. అంత చిన్నదైనా రెండు పొరలదైతే 1.8 గిగాబైట్ల సమాచారం పడుతుంది. అయితే ఎంత చిన్న డిస్క్ అయినా దాన్ని తిప్పడానికి మోటారు కావాలి, చదవడానికి లేజర్ కావాలి, ఆ రెండింటికీ బ్యాటరీ ఖర్చవుతుంది. మొదటి మోడల్‌కు 1800 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఇచ్చారు, తరువాత వచ్చిన పలుచని మోడళ్లకు 1200 మాత్రమే. ఇన్నేళ్ల వయసున్న బ్యాటరీలో ఆ కొలతలో ఎంతో కొంత తగ్గిపోయే ఉంటుంది కాబట్టి, ఫొటోలు చూడటానికి తెరిచిన ప్రతిసారీ ఆట కూడా నడిస్తే అంతమేరకు నష్టమే. మరో మాట కూడా చెప్పాలి, పిల్లవాడి చేతికి ఇచ్చేముందు ఒకసారి బ్యాటరీ మూత తీసి చూడండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే, లేదా మూత సరిగ్గా పట్టకపోతే, దాన్ని చార్జింగ్ పెట్టకుండా వెంటనే మార్చేయండి.

ప్రశ్న: నా దగ్గర పీఎస్‌పీ-2000 ఉంది. ఆటో-స్టార్ట్‌ను ఆఫ్‌లో పెట్టుకున్నాను. అయినా డిస్క్ పెట్టగానే లోపల తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆట మాత్రం మొదలుకావడం లేదు. డ్రైవ్ పాడైందంటారా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పాడు కాలేదు. ఆటో-స్టార్ట్‌ను ఆపితే ఆగేది ఆట మొదలుకావడమే తప్ప, డిస్క్‌ను చదవడం కాదు. లోపల పెట్టింది ఆటా, సినిమానా, దాని పేరేమిటి అన్నది తెలియాలంటే పరికరం ఆ డిస్క్‌ను ఒకసారి తిప్పి చదవాల్సిందే. మీరు ‘గేమ్’ కింద ఆ డిస్క్ బొమ్మ మీద ఆగినప్పుడు వెనుక తెర నిండా ఒక చిత్రం పరుచుకోవడం, ఒక్కోసారి చిన్న సంగీతం వినిపించడం గమనించే ఉంటారు. ఆ చిత్రమూ ఆ సంగీతమూ డిస్క్‌లో నుంచి వచ్చేవే. నా దగ్గర ఉన్న మొదటి మోడల్‌ను చెవి దగ్గర పెట్టుకొని చాలాసార్లు విన్నాను: మూత పడగానే ‘జుయ్’మని ఒక సన్నని చప్పుడు, వెంటనే లేజర్ కదిలే చిన్న టిక్కు, పేరు తెర మీదికి వచ్చాక మెల్లగా నిశ్శబ్దం. ఈ క్రమంలో వస్తే అంతా బాగున్నట్లే లెక్క.

అనుమానించాల్సింది వేరే చప్పుడును. డిస్క్ ఆగి ఆగి మళ్లీ మళ్లీ తిరగడానికి ప్రయత్నిస్తూ, చివరికి పేరు కూడా కనిపించకపోతే ముందు డిస్క్‌ను చేతిలోకి తీసుకొని దాని ప్లాస్టిక్ గూడును చూడండి. ఆ గూడు రెండు సగాలను అతికించి చేసింది. పాతబడిన డిస్కుల్లో అతుకు ఊడి, పారదర్శకంగా ఉండే పైభాగం లేచిపోవడం చాలా మామూలు సంగతి. అలా లేచిన అంచు డిస్క్‌కు రాసుకుంటే అది సరిగా తిరగదు. వెనుక వైపు లేజర్ చదివే చోట మూసుకునే తలుపేదీ ఉండదు కనుక ధూళి, వేలిముద్రలు నేరుగా డిస్క్ మీదే పడతాయి. మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు తుడిస్తే చాలు, గుండ్రంగా మాత్రం తుడవకండి.

ప్రశ్న: ఆటో-స్టార్ట్ ఆఫ్‌లోనే ఉంది. అయినా రాత్రి స్విచ్ ఆపి పొద్దున్నే జరిపితే నిన్న ఆడిన ఆటే తెర మీదికి వస్తోంది. సెట్టింగ్ నిలవడం లేదా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: సెట్టింగ్ నిలిచే ఉంది. మీరు రాత్రి పరికరాన్ని ఆపలేదు, నిద్రపుచ్చారు. పీఎస్‌పీలో పవర్ స్విచ్‌ను పైకి జరిపి వెంటనే వదిలేస్తే అది స్లీప్ మోడ్‌లోకి వెళ్తుంది. ఆట ఎక్కడ ఆగిందో ఆ స్థితిని జ్ఞాపకంలో అలాగే పట్టుకొని ఉంటుంది, పొద్దున్న స్విచ్ జరపగానే అక్కడి నుంచే కొనసాగిస్తుంది. ఇది డిస్క్‌ను కొత్తగా మొదలుపెట్టడం కాదు కాబట్టి ఆటో-స్టార్ట్‌తో సంబంధం లేదు. పూర్తిగా ఆపాలంటే స్విచ్‌ను పైకి జరిపి మూడు సెకన్లకు పైగా అలాగే పట్టుకోండి.

అంతకంటే మంచి పద్ధతి, ముందు ఆటలోనే సేవ్ చేసుకొని, తెర కింద ఉన్న హోమ్ బటన్ నొక్కి ఆట నుంచి బయటికి వచ్చి, తరువాత ఆపడం. పీఎస్‌పీ-3000లో ఆ చోట హోమ్‌కు బదులు ప్లేస్టేషన్ గుర్తున్న బటన్ ఉంటుంది. ఆట ఆపాలా అని అడిగినప్పుడు అవును అంటే మెనూ వస్తుంది, సేవ్ చేయనిది మాత్రం పోతుంది. స్లీప్ మోడ్‌లో ఉంచి వదిలేసినా, బ్యాటరీ పూర్తిగా అయిపోయిన రోజున ఆ పట్టుకున్న స్థితి కూడా పోతుంది. ‘రిస్టోర్ డిఫాల్ట్ సెట్టింగ్స్’ను ఎప్పుడైనా వాడితే అమరికలన్నీ మొదటికి వస్తాయి కనుక, ఆ తరువాత ఆటో-స్టార్ట్‌ను మళ్లీ ఒకసారి చూసుకోండి.