ఫసలీ 1286 అంటే రుద్రమదేవి కాలం కాదండీ

ప్రశ్న: నాకు అరవై ఏళ్లు. మా నాన్నగారి ట్రంకు పెట్టెలో ఒక పాత తనఖా కాగితం దొరికింది. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం. రాత గొలుసుకట్టు, సగం అర్థం కావడం లేదు. 'ధాత సంవత్సర మార్గశిరం, ఫసలీ 1286' అని, మధ్యలో కోటయ్య అని మాత్రం చదవగలిగాం. మా ముత్తాత పేరు కోటయ్యే. 1286 చూసి మా బాబాయి, మన వంశం రుద్రమదేవి నాటిదని ఊరంతా చెబుతున్నాడు. డొక్కల కరువులో పల్నాడు నుంచి వచ్చామని మా నాయనమ్మ అనేది. గుంటూరులో ఒక ఆఫీసులో అడిగితే అంత పాత రికార్డులు లేవు పొమ్మన్నారు. ఆయన గురించి ఇంకేమైనా తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, తెనాలి దగ్గర పల్లె

జవాబు: ముందు మీ బాబాయి గారిని కాస్త ఆపండి. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, జులైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. దానికి 590 కలపండి, 1876 వస్తుంది. ధాత కూడా 1876 ఉగాదికే మొదలైంది. రెండూ కుదిరాయి కాబట్టి మార్గశిరం అంటే దాదాపు 1876 నవంబరు-డిసెంబరు. రుద్రమదేవికి విక్టోరియా బొమ్మ స్టాంపు ఎవరిచ్చారని అడగండి, నవ్వి ఊరుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు. మీకు అరవై అంటున్నారు. తరానికి పాతికేళ్ల చొప్పున వెనక్కి వెళ్తే మీ ముత్తాత 1890 ప్రాంతంలో పుట్టి ఉండాలి. అలాంటప్పుడు 1876లో పొలం తనఖా ఎలా పెడతాడు? మన వైపు తాత పేరు మనవడికి పెట్టడం రివాజు కదా. కాగితంలో కోటయ్య మీ ముత్తాతకు తాత అయి ఉంటాడని నా అనుమానం. రెవెన్యూలో పనిచేసిన రోజుల్లో ఇద్దరు తాతామనవళ్లను ఒకే మనిషిగా లెక్కేసి కోర్టుకెక్కిన అన్నదమ్ములను కూడా చూశాను.

అది తేల్చేదీ ఆ కాగితమే. అలాంటి కాగితాల్లో మనిషి పేరు ఒంటరిగా రాయరు. 'ఫలానా గ్రామ కాపురస్థుడు, ఫలానా వారి కుమారుడు' అని ఉంటుంది. ఆ ఒక్క ముక్కతో ఇంకో తరం దొరికినట్టే. కింద చెక్కుబందీ చూడండి: తూర్పు ఎవరి పొలం, దక్షిణం ఎవరిది, పడమర డొంకా, కాలవా. ఆ పక్క పొలాల ఇంటిపేర్లు రాసుకుని ఊళ్లో వాళ్ల వారసులను అడగండి. మీ ఇంట్లో పోయిన సంగతి వాళ్ల కాగితాల్లో హద్దుగా బతికి ఉండొచ్చు. సాక్షుల పేర్లు, రాసినవాడి వ్రాలు కూడా వదలొద్దు.

ఆఫీసులో లేవన్నారంటే ఆశ్చర్యం లేదు. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేశారు, మళ్లీ 1904లో గానీ ఏర్పాటు చేయలేదు. మీ కాగితం నాటికి మీ ఊరు కృష్ణా జిల్లా, కలెక్టరు ఉండేది బందరులో. తెనాలి వైపు అప్పట్లో రేపల్లె తాలూకా. కాబట్టి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగేటప్పుడు గుంటూరు అనకుండా కృష్ణా జిల్లా, రేపల్లె తాలూకా, గ్రామం పేరు అని రాసివ్వండి. మీ మండల ఆఫీసులో సెటిల్‌మెంటు నాటి, అంటే పొలాలకు శిస్తు ఖరారు చేసిన నాటి డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో రాసిన భూమి రిజిస్టరు) చిరగకుండా మిగిలి ఉంటే అదృష్టం. సర్వే నంబరు, శిస్తు, పట్టాదారు పేరు ఒకే వరసలో కనిపిస్తాయి. కరణాల వ్యవస్థ 1984లో పోయాక చాలా ఊళ్లలో పాత లెక్కలు చెల్లాచెదురయ్యాయి. పాత కరణం గారి ఇంటివాళ్లను కూడా మర్యాదగా ఒకమాట అడగండి, అటక మీద ఉంటాయేమో.

ఇనాం రిజిస్టర్లు మీకు పనికి రాకపోవచ్చు, మాన్యం (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి) ఉంటేనే వాటిలో పేరుంటుంది. అయితే మాన్యమంటే గుడికీ బ్రాహ్మలకే అనుకోకండి. చాకలి, మంగలి, వడ్రంగి మాన్యాలు కూడా ఉండేవి.

ఇక డొక్కల కరువు. అది నందన సంవత్సరంలో, 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. నాయనమ్మ మాట నిజమైతే వలస వచ్చింది కోటయ్య తండ్రి. నాకైతే ఇంకోటి తోస్తోంది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవ నీళ్లు వచ్చాక మీ వైపు మెట్ట పొలాలు మాగాణి అయ్యాయి, మెట్ట ఊళ్ల నుంచి జనం దిగివచ్చారు. కరువులో వచ్చామని చెప్పుకోవడమే తేలిక, కథ రక్తి కడుతుంది. మీ ఇంటిపేరుతో పల్నాడులో ఊరుంటే, అక్కడ అదే గోత్రంవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి. గోత్రాలు చెప్పే వంశరాజులు మీ ఊరికి ఇంకా వస్తుంటే, ఈసారి ధాన్యం పెట్టి పంపేయకుండా కూర్చోబెట్టి వినండి, ఫోనులో రికార్డు చేయండి.

కాగితాన్ని మాత్రం లామినేషన్ చేయించకండి. చదునుగా పరిచి, పగటి వెలుతురులో ఫొటో తీయండి. వెనక వైపు కూడా తీయండి. 1865 నుంచి నూరు రూపాయలు, ఆపై స్థిరాస్తి తనఖాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయి ఉంటే వెనకే సబ్ రిజిస్ట్రారు సంతకం, పుస్తకం నంబరు, డాక్యుమెంటు నంబరు కనిపిస్తాయి. ఆ రెండు నంబర్లూ పంపితే నకలుకు దరఖాస్తు ఎలా రాయాలో వచ్చే సంచికలో చెబుతాను.