పక్క గ్రావెల్ క్వారీ వాళ్లు మా పొలంలోకి ఆరడుగులు తవ్వారు, 'కొంచెమేగా, పూడ్చేస్తాం' అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు తమ్ముడూ. సర్వే అయ్యేదాకా ఆ గొయ్యి అట్లాగే ఉండాలి. మేము ఒప్పుకుని నష్టపోయాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది నెల్లూరు జిల్లా, పొదలకూరు వైపు. రెండెకరాల నిమ్మతోట. తోటకి ఉత్తరాన ఉన్న మెట్టలో గ్రావెల్ క్వారీ ఉంది, దొంగ క్వారీ కాదు, లీజు కాగితాలన్నీ ఉన్నాయి. 2021 వేసవిలో లేఅవుట్ల కోసం హిటాచీ పెట్టి రాత్రింబవళ్లు తోలారు. ఒకరోజు పొద్దున్నే నీళ్లు కట్టడానికి పోతే గట్టు లేదు, గట్టు మీద మా తాత కాలం నుంచి ఉన్న హద్దురాయీ లేదు. సుమారు 60 మీటర్ల పొడవున రెండు మీటర్లు మా వైపుకి వచ్చేశారు. సూపర్‌వైజర్‌ని అడిగితే "రాత్రిపూట డ్రైవర్‌కి తెలీలేదన్నా, రెండు మీటర్లేగా, మట్టి పోసి ఇస్తాం" అన్నాడు. రోజూ మొహాలు చూసుకునే మనుషులతో గొడవెందుకని మా నాయన సరేనన్నాడు.

ఆ రెండు మీటర్లకి నేను తర్వాత లెక్క కట్టాను. 120 చదరపు మీటర్లు, అంటే దాదాపు మూడు సెంట్లు, మన నెల్లూరు లెక్కలో 36 అంకణాలు. లోతు నాలుగు మీటర్లు, కాబట్టి 480 ఘనపు మీటర్ల గ్రావెల్. టిప్పర్‌కి పది చొప్పున వేసుకున్నా 48 టిప్పర్లు. డ్రైవర్ పొరపాటు ఒక టిప్పర్‌కి జరుగుతుంది, నలభై ఎనిమిదింటికి జరగదు.

పోయింది మూడు సెంట్లే అయితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. గ్రావెల్ లాంటి వదులు నేలలో గోడని 45 డిగ్రీలకి మించకుండా వాలుగా కోయాలి, లేదంటే ఒకటిన్నర మీటరుకి మించని మెట్లుగా దిగాలి, గని భద్రత నిబంధనల్లో ఉన్న మాటే ఇది. వీళ్లు నిట్టనిలువుగా కోసి, ఆ గుంతలో పనికిరాని పైమట్టి పోసి వెళ్లారు. ఆ నవంబరులో కురిసిన వానలు మన జిల్లాలో ఎవరూ మర్చిపోరు. పోసిన మట్టి కొట్టుకుపోయింది, వెనకున్న గోడ విరిగి ఇంకో మూడు మీటర్లు జారింది, మొదటి వరసలో పదకొండు నిమ్మచెట్లు వేళ్లతో సహా గుంతలో పడ్డాయి. మా అమ్మ కడవలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు అవి. అప్పుడు ఫిర్యాదు చేస్తే సర్వేయర్ వచ్చాడు, హద్దు చూపించాడు, కానీ తవ్వింది ఎంత, వానకి జారింది ఎంత అన్నది తేల్చలేకపోయారు. మొత్తం వానకి జారిందేనని వాళ్లు వాదించారు.

అందుకని మీరు ఈ రోజే ఫోన్లో లొకేషన్, తేదీ పడేలా ఫొటోలు తీయండి, టేపు పట్టి లోతుతో సహా వీడియో తీయండి, పక్క రైతులిద్దర్ని వెంట పెట్టుకోండి. తర్వాత సచివాలయంలోనో మీసేవలోనో ఎఫ్ లైన్ పిటిషన్ పెట్టి హద్దులు కొలిపించండి. ఇక్కడ ఒక చిక్కుంది, రీసర్వే అయిన ఊళ్లలో మన పాసుపుస్తకంలో ఎల్పీఎం నంబరు (రీసర్వేలో ఆ భూమికి కొత్తగా ఇచ్చిన నంబరు) ఉంటుంది, క్వారీ లీజు పాత సర్వే నంబరు మీద ఉండొచ్చు. రెండు నంబర్లూ ఫిర్యాదులో రాయకపోతే ఆఫీసుల మధ్య తిరగడంతోనే సరిపోతుంది. క్వారీ లీజు స్కెచ్, మైనింగ్ ప్లాన్ ఇవ్వమని గనుల శాఖకి సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ప్లాన్‌లో మామూలుగా లీజు హద్దు వెంబడి 7.5 మీటర్లు తవ్వకుండా వదలాలని ఉంటుంది. మీ పక్క క్వారీ ప్లాన్‌లోనూ అట్లా ఉంటే, మీ గట్టు దాటడం మాట అటుంచి, వాళ్లు అసలు గట్టు దగ్గరికే రాకూడదు. ఫిర్యాదు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

డబ్బు సంగతి చాలామంది కలిపేసుకుంటారు. లీజు బయట తవ్విన ఖనిజం విలువని 1957 గనుల చట్టం 21(5) కింద రాబట్టేది ప్రభుత్వం, అది ఖజానాకి పోతుంది. మీ భూమికి, చెట్లకి పరిహారం కావాలంటే లాయర్ నోటీసు ఇచ్చి సివిల్ కోర్టుకి వేరే వెళ్లాలి. ఇంకా తవ్వుతుంటే ముందు ఇంజంక్షన్, అంటే తవ్వకం ఆపమనే కోర్టు ఉత్తర్వు, అడగండి.

ఖర్చులకి ఉంచుకోమని చేతిలో డబ్బు పెట్టి కాగితం మీద సంతకం అడుగుతారు, పెట్టొద్దు. మీ ఇష్టంతోనే మీ పొలంలో తవ్వామని రేపు అదే కాగితం చూపిస్తారు, పర్మిషన్ లేకుండా గ్రావెల్ అమ్ముకున్నావని నోటీసు మీకే వస్తుంది. మా ఊళ్లో ఒకాయనకి అట్లాగే వచ్చింది, ఇప్పటికీ తిరుగుతున్నాడు.

ఇంకో సంగతి, పిల్లల్నీ గొడ్లనీ ఆ అంచుకి పోనివ్వకండి, వెంటనే ముళ్లకంప వేయండి. పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ ఒక్క వానకి కింద నుంచి తినేస్తుంది.