కాంటెస్సాకి ఇన్నోవా ఇంజన్ వేస్తానని రెండేళ్లుగా షెడ్డులోనే పెట్టాడు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి 1992 కాంటెస్సా (హిందుస్థాన్ మోటార్స్ కారు), పెట్రోల్. అక్క పెళ్లికి అందులోనే వెళ్లాం, నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. నాన్న పోయాక అమ్మబుద్ధి కాలేదు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక షెడ్డులో ఇచ్చా. ఇన్నోవా డీజిల్ ఇంజన్, గేర్‌బాక్స్, ఏసీ, కొత్త సీట్లు, డాష్‌బోర్డ్ అన్నీ కలిపి 9 లక్షలు, ఆ దసరాకి ఇస్తానన్నాడు. 6.8 లక్షలు ఇచ్చా. ఇప్పుడు ఇంకో 2 లక్షలు ఇస్తేనే పని ముట్టుకుంటానంటున్నాడు. పని పూర్తి చేయించమని కేసు వేయొచ్చా? రాత్రిపూట టోయింగ్ బండి తీసుకెళ్లి తెచ్చేసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. ఇచ్చినదాంట్లో 2.5 లక్షలు క్యాష్, రసీదు లేదు. (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అక్క పెళ్లి గురించి అంత రాశారు గానీ అసలు ముక్క రాయలేదండీ. బండిలోంచి దింపిన పాత ఇంజన్ ఎక్కడుంది? షెడ్డులోనే ఉందా, తుక్కు కింద అమ్మేశాడా? మీ కేసు మొత్తం దీని మీదే ఉంది.

ఎందుకంటే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. మీ ఆర్సీలో ఉన్నది 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజన్ వివరాలు, అక్కడ ఇన్నోవా 2.5 లీటర్ల డీజిల్ పెడితే ఇంధనం మారె, సీసీ మారె, ఇంజన్ నంబరూ మారె. పాత ఇంజన్ పాడైతే అదే రకంది వేయించి ఆర్టీఏలో రాయించుకోవడం వేరు, ఇది వేరు. పైగా అదే చట్టం సెక్షన్ 182ఏ కింద శిక్ష బండి ఓనరుకి, అంటే మీకు, ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అలాంటి పని పూర్తి చేయించమని ఏ కోర్టూ ఆర్డర్ ఇవ్వదు, కాబట్టి ఆ మాట పిటిషన్‌లో రాయనే వద్దు. సీట్లు, డాష్‌బోర్డ్, ఏసీ మాత్రం ఆర్సీ వివరాల్లోకి రావు, సీట్ల సంఖ్య మారనంత వరకు ఇబ్బంది లేదు.

మీరు అడగాల్సింది ఇది: బండి, దాని ఒరిజినల్ ఇంజన్ గేర్‌బాక్స్‌తో సహా అప్పగించాలి, చేయని పనికి తీసుకున్న డబ్బు వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. చట్టం ఒప్పని పని మీరే చేయమన్నారు కదా అని అవతలి లాయర్ తప్పకుండా అంటాడు. రోజూ ఇదే పని చేసేవాడు ఈ రూల్ ముందే చెప్పాలి, చెప్పలేదు అన్నది మీ జవాబు. అయినా పైసా తగ్గకుండా మొత్తం వస్తుందని నేను చెప్పను.

గడువు చూసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లే. బండి ఇస్తానన్న 2024 దసరా అక్టోబర్ 12న వచ్చింది, అంటే 2026 అక్టోబర్ 12 లోపు కేసు ఫైల్ అయి తీరాలి. "వచ్చే నెల ఇస్తా అన్నా" అని వాడు పెట్టే వాట్సాప్ మెసేజ్‌లు చూసుకుంటూ కూర్చోకండి, లీగల్ నోటీస్ ఇచ్చినంత మాత్రాన కూడా గడువు ఆగదు. హైదరాబాద్ తిరగక్కర్లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, మీరు ఇచ్చిన మొత్తానికి ఫీజు 200 రూపాయలే.

ఇక సాక్ష్యం. 6.8 లక్షల్లో 2.5 లక్షలు క్యాష్‌గా ఇచ్చాను, రసీదు లేదు అని చివర్లో చిన్నగా రాశారు. చదువుకున్నవాళ్లు, ఇడ్లీకి కూడా ఫోన్‌పే చేస్తారు, ఇంత డబ్బు మాత్రం చేతికి ఇచ్చి వచ్చారు! ఇప్పుడు "మొత్తం 6.8 ముట్టింది కదా, మిగతాది ఎప్పటికి కావాలి" అని మామూలుగా మెసేజ్ పెట్టండి, ఒప్పుకుంటే అదే మీ రసీదు. ఆ చాట్ దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఫోన్, కంప్యూటర్ రికార్డులను సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రం) జత చేయాలి, ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి.

మీ ఫ్రెండ్ సలహా మాత్రం వినొద్దు. మీ బండే అయినా దొంగతనం కేసు పడొచ్చు. వాచీ రిపేరుకి ఇచ్చి, కూలి బాకీ ఉండి, దానికోసం షాపువాడు న్యాయంగా అట్టిపెట్టుకున్న వాచీని ఎత్తుకొస్తే అది దొంగతనమే అని పాత ఐపీసీలో ఉదాహరణే ఉంది, కొత్త న్యాయ సంహితలోనూ ఉంది. పని పూర్తి చేయనివాడికి బండి అట్టిపెట్టుకునే హక్కు లేదని మనం వాదించొచ్చు, కానీ ఆ వాదన కమిషన్‌లో చేద్దాం, అర్ధరాత్రి ఎస్సై ముందు కాదు. ఇంకొకటి, కొత్త ఇంజన్ మీద పాత నంబర్ కొట్టించి ఇస్తా అని షెడ్డువాడు అన్నాడంటున్నారు, దానికి ఊ అన్నారంటే ఫోర్జరీలో మీరూ ముద్దాయే, ఆ ఇంజన్ ఏ దొంగ బండిదో కూడా తెలియదు.

బండి, విడిభాగాలు అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు (తుది తీర్పు వచ్చేదాకా ఉండే ఆర్డర్) కూడా అదే పిటిషన్‌తో అడగాలి. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందన్నారు, వారసుల కాగితాలతో మార్పించే పని ఇప్పుడే మొదలుపెట్టండి. వీటన్నిటికంటే ముందు ఈ వారమే ఒక సాక్షిని తీసుకుని పగటిపూట షెడ్డుకి వెళ్లండి, గొడవ పడకుండా పాత ఇంజన్‌ని నంబర్ కనపడేలా వీడియో తీయండి. అది అక్కడ లేదంటే నాకు వెంటనే రాయండి, పిటిషన్‌లో దాని విలువ కూడా కలపాలి.