స్థలం కన్నా ముందు సబ్‌స్టేషన్ చూడు

చి. ల. సౌ. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

శ్రీసిటీ పారిశ్రామిక ఎస్టేట్ దగ్గర ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంతో గుండె నిండింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

జీఎస్టీ, ఎగుమతి కోడ్, బ్యాంకు కాగితాలు నీకే బాగా తెలుసు. కానీ ఎస్టేట్ బయట ఎకరం చవకగా వస్తోందని అడ్వాన్సు ఇవ్వబోతున్నావట! నన్ను ఒక్క మాట అడగవద్దా?

నాయుడుపేట దగ్గర నేనూ అలాగే చవక చూసి కొన్నాను. సబ్‌స్టేషన్ నుంచి పల్లెకు వచ్చే లైను, అదే పల్లె ఫీడరు, దాని మీదే కరెంటు. జనరేటరు లైట్లకు, పంపుకు చాలేది, మిషన్ల హీటర్లకు చాలేది కాదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు, అంటే వారంలో కొన్ని రోజులు కరెంటు ఆపేవారు. అది తెలిసి కూడా, ఎలాగోలా నెట్టుకొస్తామనుకుని సీసా మూతల ఎగుమతి ఆర్డరు మీద సంతకం చేశాను. తప్పు పూర్తిగా నాదే. కరెంటు పోయినప్పుడల్లా బ్యారెల్‌లో, అంటే ప్లాస్టిక్ కరిగే మిషను గొట్టంలో, ప్లాస్టిక్ గడ్డకట్టేది. తిరిగి వేడిచేస్తే మాడిన మచ్చలతో మూతలు వచ్చేవి. మీ అత్తయ్య, నేను అర్ధరాత్రి కొవ్వొత్తి వెలుగులో ఆ గొట్టం లోపల తిరిగే స్క్రూకు గీత పడకుండా ఇత్తడి కడ్డీతో గోకేవాళ్లం. ఎలాగో సరుకు పూర్తయితే లారీ సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలిచిపోయింది. చెన్నైలో ఓడ వెళ్లిపోయింది. విమానంలో పంపితే సరుకు ధర కన్నా కిరాయే ఎక్కువైంది. అంతకు ముందు ఏడాది బంగారం అమ్మి కొన్న మిషను ఆ అప్పుకే పోయింది.

కొనేవాడు మళ్లీ ఫోను చేయలేదు. వాడికి నా ధర నచ్చింది, నా తేదీ మీద నమ్మకం పోయింది. దేశాల సంగతీ అంతేనమ్మా. వియత్నాంలో జీతాలు మన కన్నా తక్కువేమీ కావు. అయినా 2009లో శాంసంగ్ బాక్ నిన్‌లో ఫోన్ల ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. రేవు, రోడ్డు, కరెంటు, కస్టమ్స్ అన్నీ కలిసి మాట నిలబెడితేనే అలాంటివి వస్తాయి. మన దగ్గరా మారింది. 2015లో శ్రీసిటీలో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. 2017లో జీఎస్టీ వచ్చాక పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. అయితే నమ్మకమైన కరెంటు మాత్రం ఎస్టేట్ గేటు దాకానే. నీ ఎకరం దాని అవతల ఉంది.

ఆ ఫీడరు మీద ఎన్ని వ్యవసాయ మోటార్లున్నాయో లైన్‌మన్‌ను అడుగు. ఒక వానాకాలపు సాయంత్రం అక్కడ కూర్చుని కరెంటు ఎన్నిసార్లు పోతుందో లెక్కపెట్టు. అడ్వాన్సు మాత్రం ఆపు తల్లీ. ఈ ఆదివారం బయలుదేరి వస్తున్నాను. ఇత్తడి కడ్డీ కూడా తెస్తాను, అది ఇంకా నా దగ్గరే ఉంది.

మీ మామయ్య