వైద్య ఖర్చులో ప్రభుత్వం వాటా భరించాలా?

భరించాలి. దయాదాక్షిణ్యాల సంగతి అటుంచితే, వైద్యం మామూలు సరుకు కాదు. జబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక బేరమాడే ఓపిక ఉండదు, ఏ పరీక్ష కావాలో చెప్పేదీ దానికి డబ్బు తీసుకునేదీ చాలాసార్లు ఒకరే. ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే ఇది వివరించారు.

స్వచ్ఛంద బీమాకే వదిలేస్తే జబ్బున్నవాళ్లే ఎక్కువగా చేరతారు. క్లెయిములు పెరిగి ప్రీమియం పెరుగుతుంది, ఆరోగ్యవంతులు తప్పుకుంటారు, ప్రీమియం మళ్లీ పెరుగుతుంది. అందుకే అందరినీ చేర్చాలి, కట్టలేనివాళ్ల వాటా ఖజానా కట్టాలి. జర్మనీ 1883లో కార్మికులకు తప్పనిసరి బీమా తెచ్చింది. బ్రిటన్ 1948 నుంచి జాతీయ వైద్యసేవను ప్రధానంగా పన్నుల డబ్బుతో నడుపుతోంది.

ఉచితమైతే అనవసరంగా వాడరా? కొంత వాడతారు. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1970లలో ఒక ప్రయోగం మొదలుపెట్టి, కొందరికి వైద్యం ఉచితం చేసి, మిగతావాళ్లచేత ఖర్చులో వాటా కట్టించి చూసింది. జేబులోంచి కట్టాల్సినవాళ్లు అనవసర వైద్యంతోపాటు అవసరమైనదీ తగ్గించుకున్నారు. బీపీ ఉన్న పేదలకు ఉచిత వైద్యంలోనే అది మెరుగ్గా అదుపులో ఉంది. రోజూ వేసుకోవాల్సిన మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటే మిగిలేది కొద్ది డబ్బు. పక్షవాతం వస్తే అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. కాబట్టి బీపీ, షుగర్ మందులపై రోగి వాటా అసలు పెట్టకూడదు.

పథకాలు దెబ్బతినేది ఎక్కువగా అమలులో. ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తామంటే అక్కర్లేని అడ్మిషన్లు పెరుగుతాయి, ఓపీ మందుల భారం ఇంటిమీదే ఉండిపోతుంది. ప్రతి పరీక్షకూ విడిగా చెల్లిస్తే పరీక్షలు పెరుగుతాయి. ఒక్కో చికిత్సకు మొత్తంగా ఇంతని కట్టే ప్యాకేజీ రేటు మరీ తగ్గించినా, బిల్లులు నెలల తరబడి ఆపినా ఆస్పత్రులు రోగిని తిప్పి పంపుతాయి, లేదా చాటుగా వసూలు చేస్తాయి.